మిగిలిన బిళ్ళ

మా తోడికోడలి ఊసెత్తితే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. తర్వాత ఎక్కడైనా ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు నా నోట వస్తే, అవి ముద్దుతో వచ్చినవి కావనీ, ఒప్పుకోక తప్పక ఒప్పుకున్నవనీ మీకు తెలిసి ఉండాలి.

ఆవిడ మా బావగారి భార్య. నాకంటే ఆరేళ్ళు పెద్ద కాబట్టి అక్కా అని పిలుస్తాను. మిగతా అందరికీ అతుకులక్క. ఎదురుగా మనిషి కూర్చుంటే ఆవిడ ముఖం చూడదు, చొక్కా భుజం దగ్గర కుట్టు చూస్తుంది. ఒకసారి బస్సులో పక్కన కూర్చున్న పెద్దాయనతో, ముక్కూ ముఖమూ తెలియనివాడితో, "ఇంకో నాలుగు ఉతుకులండీ, ఆ చెయ్యి ఊడి కింద పడుతుంది" అంది. పాపం ఆయన హడలిపోయి తర్వాతి స్టాపులోనే దిగిపోయాడు. ఆయన దిగుతుంటే వెనక నుంచి ప్యాంటు కుట్టు కూడా చూసి పెదవి విరిచింది.

పెళ్ళికి ముందూ, పెళ్ళయ్యాక పదేళ్ళూ ఆవిడ లారీల మీద కప్పే టార్పాలిన్లు కుట్టే షాపులో పనిచేసింది. ఆవిడ కుట్టిన టార్పాలిన్ కింద చక్కెర బస్తాలు మూడు రోజులు వానలో తడవకుండా ఉన్నాయని ఒక డ్రైవరు చెప్పాడట. ఆ సంగతి నేను ఇప్పటికి రెండు వందల సార్లు విన్నాను. డ్రైవరు మాత్రం ఒక్కసారే చెప్పి ఉంటాడు.

ఇంట్లో కూడా అదే వరస. అత్తయ్య నడుముకు పెట్టుకునే వేడినీళ్ళ సంచిని నెలకోసారి బకెట్లో ముంచి బుడగలు వస్తాయేమో చూస్తుంది. నేను కష్టపడి కుట్టిన దిండు గలీబును మా ఆడపడుచు ముందు, ఆవిడ భర్త ముందు, పక్కింటివాళ్ళ ముందు వెలుతురుకేసి పట్టి, "ఇది కుట్టు కాదమ్మా, చీమల బారు" అంది. అందరూ నవ్వారు. నా మొగుడు కూడా నవ్వాడు, వాడి పని తర్వాత పట్టాను. మా ఇద్దరికీ రోజూ ఏదో ఒక గొడవ ఉంటుందని తెలిసిన అత్తయ్య, సాయంత్రం నేనూ అక్కా గుమ్మంలో అడుగు పెట్టగానే, "ఇవాళ ఎవరు గెలిచారే?" అని అడుగుతుంది. ఆవిడకు అదే కాలక్షేపం.

మేమిద్దరం పనిచేసేది ఒక్కచోటే. ఊరికి ఎగువన మున్సిపాలిటీ డంపింగ్ యార్డు ఉంది కదా, అక్కడ. గేటు పక్కన కాటా దగ్గర క్యాబిన్లో కూర్చుని, వచ్చిన లారీ ఎన్ని టన్నులో రాసుకోవడం నా పని. ఆవిడ పని చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

పాత చెత్తగుట్ట కింద ఏమీ లేదు. ఉత్త నేల. నలభై ఏళ్ళు దాని మీద ఊరి చెత్తంతా పోశారు. వాన కురిసినప్పుడల్లా నీళ్ళు చెత్తలో నాని, నల్లగా మారి, నేలలోకి దిగిపోయేవి. గుట్ట దిగువన మొదటి వీధిలోనే మా అక్క పుట్టిల్లు. వాళ్ళ పెరట్లో బావి ఉండేది. ముందు ఆ నీళ్ళకు ఇనుము వాసన వచ్చింది. తర్వాత పల్చటి టీ రంగు వచ్చింది. ఆ తర్వాత సబ్బు వేయకుండానే బకెట్లో నురగ కట్టడం మొదలైంది. మున్సిపాలిటీ వాళ్ళు వచ్చి చూసి, సీసాలో పట్టుకెళ్ళి, నెల తర్వాత వచ్చి బావి మీద సిమెంటు మూత వేసి పోయారు. ఆ మూత మీద వాళ్ళమ్మ ఇప్పుడు బట్టలు ఆరేస్తోంది. మంచినీళ్ళ కోసం డెబ్బై ఏళ్ళ మనిషి ట్యాంకరు దగ్గర వరసలో నిలబడుతోంది.

మా ఇల్లు అక్కడికి నాలుగు వీధుల కింద. మా పెరటి బోరు నీళ్ళు ఇంకా బాగున్నాయి. ఆ "ఇంకా" అనే మాటను ఆవిడ నిద్రలో కూడా మరిచిపోదు.

అందుకే గుట్ట పక్కన కొత్త గొయ్యి తవ్వుతున్నారనీ, ఈసారి అడుగున రెండడుగుల బంకమట్టి దిమ్మిస కొట్టి, దాని మీద నల్లటి దళసరి ప్లాస్టిక్ షీటు పరుస్తారనీ, చెత్త నుంచి కారే నీళ్ళు షీటు మీదే ఆగి గొట్టాల్లోంచి తొట్టిలోకి పోతాయనీ తెలిసిన రోజున, ఆవిడ టార్పాలిన్ షాపు మానేసింది. షీటు చుట్టలుగా వస్తుంది. చుట్టకూ చుట్టకూ అతుకు వేయాలి. అతుకు అన్న మాట చెవిన పడ్డాక ఆవిడ ఇంట్లో కూర్చుంటుందా! కాంట్రాక్టరు దగ్గర సాయానికి చేరింది. రెండో నెలలోనే మిషను మేస్త్రికి, "అన్నా, నీ మిషను పొద్దునకంటే ఇప్పుడు వేడి తగ్గింది, అతుకు రంగు చూడు" అని చెప్పింది. ఆయన ముందు కళ్ళెర్రజేసి, తర్వాత మీటరు చూసుకుని, ఆ తర్వాత నుంచి అతుకులు పరీక్ష చేసే పని ఆవిడకే అప్పగించాడు.

ఆ పరీక్ష ఒక వింత. రెండు షీట్ల అంచులు ఒకదాని మీద ఒకటి వేసి మిషను నడిపితే రెండు గీతలుగా అతుక్కుంటాయి. ఆ రెండు గీతల మధ్య సన్నటి సొరంగంలా ఖాళీ ఉంటుంది. రెండు కొసలూ మూసి, ఒక కొస దగ్గర సూది గుచ్చి, పంపుతో గాలి కొట్టాలి. ఐదు నిమిషాలు మీటరు ముల్లు కదలకుండా ఉంటే అతుకు మంచిది. తర్వాత రెండో కొస దగ్గర కోసి గాలి బుస్సుమని బయటికి వస్తోందో లేదో చూడాలి, అంటే గాలి ఈ చివర నుంచి ఆ చివరిదాకా పోయిందని అర్థం. అయితే ఇప్పుడు సూది గుచ్చిన చోట ఒక చిల్లు, కోసిన చోట ఒక చిల్లు. చిల్లు లేదని తెలుసుకోవడానికి రెండు చిల్లులు పెట్టాలన్నమాట! ఆ రెండింటినీ అదే షీటు ముక్కతో గుండ్రటి బిళ్ళలు వేసి, కరిగించి మూయాలి.

ఇక్కడ ఆవిడ తన తెలివి చూపించింది. పొద్దున్నే ఆ రోజు చూడాల్సిన అతుకులెన్నో చూసుకుని, అతుకుకు రెండు చొప్పున బిళ్ళలు కోసి, ఒక పాత బిస్కెట్ల డబ్బాలో వేసుకుంటుంది. ఒక్కటి ఎక్కువ కోయదు. సాయంత్రానికి డబ్బా ఖాళీ అయితే చిల్లులన్నీ మూసినట్టు. పై నుంచి వచ్చిన తనిఖీ వాళ్ళు ఈ పద్ధతి చూసి మెచ్చుకున్నారు. వెంటనే మా ఇంజనీరు గారు అది తన బుర్రలో పుట్టిందే అన్నట్టు తల పంకించి, మర్నాటికల్లా గొయ్యి ఒడ్డున ఎర్ర అక్షరాలతో బోర్డు పెట్టించారు: "డబ్బా ఖాళీ అయితేనే సంతకం." కింద తన హోదా కూడా రాయించుకున్నారు.

గొయ్యి పని ఆఖరి రోజుకు వచ్చింది. పదకొండు అతుకులు మిగిలాయి. మర్నాడు పదింటికి మున్సిపల్ చైర్మన్ గారు వచ్చి రిబ్బను కత్తిరిస్తే, మొదటి లారీ కంకర షీటు మీద పోస్తారు. కంకర మీద చెత్త. ఒకసారి కంకర పడిందా, ఇక ఆ షీటును ఈ జన్మలో ఎవరూ చూడలేరు. అడుగున చిల్లుంటే చిల్లుతోనే ఉంటుంది, మన నీళ్ళు మన కళ్ళముందే పోతాయి.

అలాంటి రోజున నేనేం చేశానో చెబుతాను. తిట్టుకోండి, పడతాను.

దిండు గలీబు సంగతి జరిగి అప్పటికి రెండు రోజులే అయింది. నా కడుపు ఇంకా రగులుతూనే ఉంది. క్యాబిన్ వెనక షీటు తుక్కు పడి ఉంటే ఒక ముక్క తెచ్చి, కూరగాయల కత్తెరతో గుండ్రంగా కోశాను. గుండ్రమంటే నా గుండ్రం. ఆవిడ రబ్బరు బూట్లు తొడుక్కోవడానికి డబ్బాను క్యాబిన్ గట్టు మీద పెట్టి అవతలికి వెళ్ళినప్పుడు మూత తీసి ఆ బిళ్ళ లోపల వేసేశాను. సాయంత్రం ఒక బిళ్ళ మిగులుతుంది, ఆవిడ కంగారు పడుతుంది, వేళ్ళు మడిచి లెక్కలు వేసుకుంటుంది, నేను కిటికీలోంచి చూసి నవ్వుకుంటాను. అంతే నా పథకం. ఇంతకంటే ముందుకు ఆలోచించే బుర్రే ఉంటే నేను కాటా దగ్గర ఎందుకుంటాను!

మధ్యాహ్నం టెంటు వాళ్ళు దిగారు. స్టేజి గొయ్యి లోపలే వేయాలని ఇంజనీరు గారి పట్టు. నల్లటి షీటు నేపథ్యంలో ఫోటో బాగుంటుందట. ఇనప కాళ్ళ స్టేజి, టెంటు గుంజలు, కుర్చీలు అన్నీ వాలు మీదుగా షీటు మీదికి దించారు. చెప్పుల అడుగులు కూడా తిప్పి చూసి కానీ ఎవరినీ లోపలికి రానివ్వని మా అక్క, అది చూసి ఒంటికాలి మీద లేచింది. అరుచుకుంటూ నా క్యాబిన్ పక్కనే ఉన్న ఇంజనీరు గారి గదిలోకి వెళ్ళింది. గోడ పల్చన కాబట్టి నేను ప్రత్యేకంగా చెవి పెట్టాల్సిన పని లేకపోయింది. అయినా పెట్టాను.

"సార్, ఆ స్టేజి తీయించండి. గుంజ జారి షీటు మీద పొడుచుకుంది. నేను చూశాను."

"కింద ఇసుక బస్తాలు వేయించాను కదమ్మా."

"బస్తాలు వేయకముందే జారిందండీ."

"చిల్లు కనిపించిందా?"

"చూద్దామని నేను వెళ్ళేలోపు తివాచీ పరిచేశారు."

"కనిపించని చిల్లు కోసం స్టేజి పీకమంటావా? రేపు చైర్మన్ గారొస్తున్నారు. ఆ చోటు ఎప్పుడో పరీక్ష చేసేశాం. వెళ్ళి నీ అతుకులు చూసుకో."

ఆవిడ బయటికి వచ్చింది. ముఖం చూడాలంటే నాకే భయమేసింది. ఆవిడకు వాళ్ళమ్మ బావి గుర్తొచ్చిందని నాకు తెలుసు. అప్పుడైనా నా బిళ్ళ సంగతి చెప్పేయాల్సింది. చెప్పలేదు.

నాలుగున్నరకు ఇంజనీరు గారు కలం పట్టుకుని ఒడ్డున నిలబడ్డారు. అక్క డబ్బా మూత తీసింది. లోపల ఒక బిళ్ళ. దాన్ని తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. తలెత్తి ఒక్క క్షణం నా క్యాబిన్ వైపు చూసింది. నేను వెంటనే రిజిస్టర్లో ఏదో రాస్తున్నట్టు నటించాను.

"సార్, డబ్బాలో ఒకటి మిగిలింది" అంది.

"అంటే?"

"అంటే సంతకం పెట్టడానికి లేదండీ. మీ బోర్డే చెబుతోంది."

ఇంజనీరు గారు మండిపడ్డారు. మేస్త్రి ముందు, కూలీల ముందు, టెంటు వాళ్ళ ముందు ఎడాపెడా దులిపేశారు. "ఇన్నాళ్ళూ నిన్ను చూసి అందరూ నేర్చుకోవాలన్నాను. ఇదా నీ పని? ఒక చిల్లు మూయడం మరిచిపోతావా?" అన్నారు. ఆవిడ తల వంచుకుని నిలబడింది, ఒక్క మాటకూ ఎదురు చెప్పలేదు. మా ఇంట్లో నేను ఒకటంటే పది అనే మనిషి! నాకు నవ్వు రావాల్సింది. రాలేదు.

తర్వాత సబ్బునీళ్ళ బకెట్టు, అద్దం పెట్టె తీసుకుని గొయ్యిలోకి దిగింది. అనుమానం ఉన్నచోట సబ్బునీళ్ళు పోసి, పైన అద్దం ఉన్న ఆ పెట్టెను బోర్లించి, లోపలి గాలి లాగేస్తే, చిల్లు ఉన్నచోట బుడగలు లేస్తాయి. మోకాళ్ళ మీద పాకుతూ ఒక్కో బిళ్ళ దగ్గరా అదే చేస్తోంది. నేను ఆగలేక కిందికి దిగాను.

"అక్కా, ఆ బిళ్ళ సంగతి నీకొకటి చెప్పాలి."

"నోరు మూసుకుని అద్దంలోకి చూడు. బుడగలొస్తే చెప్పు."

"అది కాదక్కా, అసలు ఆ బిళ్ళ..."

"చూడమన్నానా?"

చూశాను. పదకొండు అతుకులు, ఇరవై రెండు బిళ్ళలు. పొద్దు వాలేదాకా చూశాం. ఎక్కడా బుడగ లేదు. ఎందుకుంటుంది! ఇంటికి వచ్చాక మళ్ళీ నోరు తెరిచాను. "తల పగిలిపోతోంది, రేపు మాట్లాడు" అని ముసుగు తన్నింది. ఎవరు గెలిచారే అని అత్తయ్య అడిగితే ఇద్దరిలో ఎవరమూ పలకలేదు. ఆవిడ బెంగపడి మా నుదుళ్ళు పట్టి చూసింది, జ్వరమేమోనని.

మర్నాడు తొమ్మిదింటికే కంకర లారీ వచ్చింది. పద్దెనిమిది టన్నులు. నేను దాన్ని కాటా మీదికి ఎక్కించి, దించి, ముల్లు సరిగా లేదని మళ్ళీ ఎక్కించి, డ్రైవరును దింపి మళ్ళీ తూచాను. మూడోసారికి డ్రైవరు, "ఏమ్మా, ఒక్కో రాయీ విడివిడిగా తూస్తావా?" అన్నాడు. ఇక వదలక తప్పలేదు. లారీ గొయ్యి ఒడ్డుకు వెళ్ళి నిలబడింది. చైర్మన్ గారు కూడా వచ్చేశారు, తెల్లటి బట్టల్లో, నవ్వుతూ. నేను క్యాబిన్ తలుపు వేసి పరిగెత్తాను. ఏదైతే అదయింది, అందరి ముందూ నిజం ఒప్పేసుకుందామని. ఉద్యోగం పోతే పోతుంది, ఆవిడ పరువు పోకూడదు. చూశారా, నేను కూడా మరీ అంత చెడ్డదాన్ని కాదు.

నేను వెళ్ళేసరికి వాలు మీద ఇంజనీరు గారు, అక్క ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. చైర్మన్ గారు పైన ఒడ్డు మీద ఉన్నారు. అక్క పక్కన సబ్బునీళ్ళ బకెట్టు నిండుగా ఉంది.

"నేను రాత్రి ఆలోచించాను" అంటున్నారు ఇంజనీరు గారు, పై వాళ్ళకు వినబడకుండా. "పొద్దున నువ్వే పొరపాటున ఇరవై మూడు కోసుంటావు. అంతే. ఆ కాగితం ఇలా తే, సంతకం పెట్టేస్తాను."

"లేదండీ. నేను కోసినవి ఇరవై రెండే."

"మరి ఇరవై రెండు చోట్లా బిళ్ళలున్నాయంటున్నావుగా?"

"ఉన్నాయండీ. ఇంకా చూడని చోటు ఒక్కటే, స్టేజి కింద."

"స్టేజి తీసేది లేదు!"

"అయితే బోర్డు తీయించండి. చైర్మన్ గారు ఇప్పుడే చదువుతున్నారు."

నిజంగానే చైర్మన్ గారు ఆ ఎర్ర అక్షరాలు చదువుతూ, "బాగుందయ్యా ఈ పద్ధతి! డబ్బా ఏదీ, చూపించండి" అన్నారు. ఇంజనీరు గారికి మింగలేక కక్కలేక ఉంది. సరిగ్గా అప్పుడు నేను వాళ్ళ మధ్యకు దూరాను.

"సార్, ఆ మిగిలిన బిళ్ళ సంగతి నాకు తెలుసు. అది..."

ఇంజనీరు గారి ముఖం వెలిగిపోయింది. "ఏమిటి? చెప్పు, చెప్పు" అన్నారు.

నేను ఇంకో మాట అనేలోపు అక్క కాలు బకెట్టుకు తగిలింది. బకెట్టు బోర్లా పడింది. ఆ నల్ల షీటు ఉత్తప్పుడే జారుతుంది, సబ్బునీళ్ళు పడితే ఇక చెప్పాలా! ఇంజనీరు గారు ఒకసారి చేతులు రెండూ గాల్లో ఆడించి, ఉన్నపళంగా కూర్చుండిపోయారు. కూర్చున్నవారు కూర్చున్నట్టే వాలు కిందికి, నురగ మధ్య, ఎంతో హుందాగా జారిపోయారు. స్టేజి ముందు కట్టిన రిబ్బను ఆయన ఛాతీకి అడ్డం పడి పుటుక్కున తెగింది. ప్రారంభోత్సవం ఆ విధంగా ఆయన చేతుల మీదుగా కాకుండా, మరో భాగం మీదుగా జరిగిపోయింది.

కూలీలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత చైర్మన్ గారే పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ నవ్వుతో అందరికీ లైసెన్సు దొరికింది. ఇంజనీరు గారికి దెబ్బలేమీ తగల్లేదు, ప్యాంటు తప్ప అంతా క్షేమం. తివాచీ మాత్రం నానిపోయి కంపు కొడుతోంది.

"ఇక దీని మీద నిలబడి నేను మాట్లాడతానా ఏమిటి? తీయించండి ఆ స్టేజి. పైన మాట్లాడుకుందాం" అన్నారు చైర్మన్ గారు.

స్టేజి లేచింది. కుర్చీలు లేచాయి. తివాచీ చుట్టారు. అక్క అప్పటికే అద్దం పెట్టెతో అక్కడ ఉంది. మొదటి చోట ఏమీ లేదు. రెండో చోటా లేదు. మూడో చోట పెట్టె బోర్లించి గాలి లాగగానే, అద్దం కింద ఒక తెల్లటి బుడగ లేచింది. దాని పక్కన ఇంకొకటి. తర్వాత బుడబుడమని గుంపుగా వచ్చాయి.

లేని చిల్లు కోసం వెతుకుతోందనుకుంటున్నాను కదా నేను!

చైర్మన్ గారు బూట్లు విప్పి మరీ కిందికి దిగారు. అక్క సబ్బు తుడిచి చూపించింది. గుంజ మొన పొడిచిన చోటు, బొటనవేలి గోరంత చిల్లు.

"ఇంతేనా? ఇంత చిన్నదానికి ఇంత హడావిడా?" అన్నారాయన.

"ఇది పగలూ రాత్రీ కారుతుందండీ, వందేళ్ళు" అంది అక్క. నేనెప్పుడూ వినని గొంతు అది. "మా అమ్మ ఇల్లు ఆ మొదటి వీధిలోనే. బావి మీద మూత వేసి పదకొండేళ్ళయింది. ఇప్పటికీ మా అమ్మ పొద్దున్నే లేచి పొరపాటున చేద తీసుకుని బావి దగ్గరికి పోతుందండీ. మూత చూసి వెనక్కి వస్తుంది. నాకు చాలా కోపమండీ. ఎవరి మీద చూపించాలో తెలియక అతుకుల మీద చూపిస్తున్నాను."

చైర్మన్ గారు వంగి ఆ చిల్లు మీద బొటనవేలు పెట్టి చూశారు. తర్వాత లారీ డ్రైవరు వైపు చెయ్యెత్తి, "బాబూ, ఇంజను ఆపేయ్. ఈవిడ చెప్పినప్పుడే కంకర పోద్దువుగాని" అన్నారు.

ఆవిడ బిళ్ళ వేసి, కరిగించి, చల్లారనిచ్చి, మళ్ళీ సబ్బునీళ్ళు పోసి చూసింది. ఒక్క బుడగ రాలేదు. డబ్బా బోర్లించి అందరికీ చూపించింది, ఖాళీ. ఇంజనీరు గారు తడిసిన ప్యాంటుతోనే సంతకం పెట్టారు. మధ్యాహ్నం రెండింటికి కంకర పడింది.

మూడు రోజులు నాకు అన్నం సయించలేదు. నాలుగో రోజు సాయంత్రం పెరట్లో ఆవిడ బోరు కొడుతూ బిందె పడుతుంటే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. కళ్ళు గట్టిగా మూసుకుని మొత్తం కక్కేశాను, తుక్కు ముక్క నుంచి కత్తెర దాకా. చెంప పగులుతుందనుకున్నాను. ఏమీ పగల్లేదు. కళ్ళు తెరిచి చూస్తే ఆవిడ బోరు కొడుతూనే నవ్వుతోంది.

"ఆ బిళ్ళను చూడగానే తెలిసింది" అంది. "నాలుగు మూలలున్న గుండ్రం ఈ ఊళ్ళో ఇంకెవరు కోస్తారే?"

"తెలిసీ వెతికావా? పొద్దు వాలేదాకా నన్ను కూడా పాకించావా?"

"స్టేజి తీయమంటే ఆయన వినలేదు. డబ్బాలో బిళ్ళ ఉంటే సంతకం కుదరదని ఆయనే రాసుకున్నాడు. చేతికొచ్చిన బిళ్ళను వదులుకోవడానికి నాకేమైనా పిచ్చా? నేనొక్క అబద్ధమైనా ఆడానేమో చెప్పు."

తలచుకుని చూశాను. ఆడలేదు. ఒళ్ళు మండిపోయింది.

"మరి నేను చెప్పబోతుంటే నోరు మూయించింది అందుకా? ఆ బకెట్టు?"

"పొరపాటున తగిలింది" అంది, బిందె వైపు చూస్తూ. ఆ ఒక్కటి అబద్ధమని నేను ఎక్కడైనా చెబుతాను.

"దొంగమొహందానా! నేను మూడు రోజులు ఏడ్చాను, తెలుసా?"

"తెలుసు. మన గదుల మధ్య గోడ పల్చనే కదా."

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆవిడ బిందె ఎత్తి నా నడుము మీద పెట్టింది.

"ఇంతకీ ఆ బిళ్ళ ఏదక్కా?" అన్నాను.

"పారేయడానికి అదేమైనా తుక్కా? అంచులు సరిచేసి ఆ చిల్లు మీద అదే వేశాను. డబ్బాలో ఇంకోటి లేదుగా." లోపలికి వెళ్తూ గుమ్మంలో ఆగింది. "పనికొచ్చింది. అయినా ఆ గలీబు మాత్రం చీమల బారే."

లోపల నుంచి అత్తయ్య, "ఇవాళ ఎవరు గెలిచారే?" అని కేకేసింది. నేను నీళ్ళు ముంచి ఆవిడకు ఇచ్చాను. ఆవిడ గటగటా తాగి, మూతి తుడుచుకుని, జవాబు కోసం మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

ఇప్పుడు కొత్త గొయ్యిలో కంకర కనబడటం లేదు, చెత్త మనిషి ఎత్తు లేచింది. నేను కాటా దగ్గర కూర్చుని ఒక్కో లారీ బరువూ రాస్తూనే ఉన్నాను. రాసిన ప్రతిసారీ ఆ గుట్ట అడుగున ఉన్న నా బిళ్ళ గుర్తొస్తుంది. ఇంకో తొమ్మిది టన్నులు వస్తున్నాయే, గట్టిగా పట్టుకో తల్లీ, అని దానికి చెప్పి లారీని లోపలికి పంపిస్తాను.